గుంతకు మూరెడు ఇవతల

మద్దమ్మ రోజూ పొద్దున పనిలోకి దిగేముందు తన బిడ్డను ఇనుప స్తంభానికి కట్టేస్తుంది. కట్టేయడమంటే కట్టేయడమే. దానికి మెత్తటి మాట వెతకాల్సిన పనిలేదు.

బిడ్డ పేరు శివాని. ఏడాదిన్నర. నడక వచ్చింది, భయం ఇంకా రాలేదు. బేతంచెర్ల దాటినాక రోడ్డుపక్కన వరసగా ఉన్న బండల ఫ్యాక్టరీల్లో ఒకదానిలో మద్దమ్మది పని. గనుల నుంచి వచ్చిన నాపరాయిని అక్కడ అంచులు కోసి, నున్నగా పాలిష్ పట్టి, లారీలకెత్తుతారు. మొగుడు హనుమేష్ గనిలో రాయి కొడతాడు. అత్త లేదు. అమ్మ కోడుమూరు పక్క పల్లెలో కూలికి పోతే తప్ప పొయ్యి వెలగదు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టాలంటే మూడేళ్లు నిండాలి. ఇక బిడ్డ ఎక్కడుంటుంది? తల్లి ఉన్నచోటే.

తల్లి ఉన్నచోట ఏముంది? గిర్రున తిరిగే మిషన్లు. గోడకు ఏటవాలుగా నిలబెట్టిన బండలు. చూసుకోకుండా వెనక్కొచ్చే లారీలు. అన్నిటికంటే చెడ్డది షెడ్డు వెనకున్న గుంత. రాయిని అరగదీసిన నీళ్లన్నీ కాలువ వెంట వచ్చి దాంట్లో పడతాయి. అడుగున నిలువెడు బురద. పైన మాత్రం ఎండకు పెచ్చు కట్టి, అప్పుడే అలికిన నేలలా కనిపిస్తుంది. ఎండాకాలంలో ఒక కుక్క అది నేలే అనుకుని దాటబోయి, మళ్లీ పైకి రాలేదు. గుంత చుట్టూ గోడ లేదు, కంచె లేదు. ఆడోళ్లు అడిగితే ఓనరు శివశంకర్ "ఈ వానాకాలం పోనీండమ్మా, కట్టిస్తా" అన్నాడు. ఈ సీమలో వానాకాలం ఎప్పుడొచ్చిందని, ఎప్పుడు పోతుందని?

అందుకే తాడు. మిషన్లకూ లారీలకూ దూరంగా ఉన్నది షెడ్డు వెనక స్తంభం ఒక్కటే. పాత చీరను మూడు పేలికలుగా చించి జడలా అల్లింది మద్దమ్మ. కొలత పెట్టింది మాత్రం చాంద్ బేగం. ఆ ఫ్యాక్టరీలో అందరికంటే పాత మనిషి, అందరూ ఆమెను బీబమ్మ అంటారు. మొదటిరోజు పాప నడుముకు తాడు కట్టి, తను గుంత అంచున కూర్చుని బెల్లంముక్క చూపించింది. పాప తాడు బిగిసిపోయేదాకా గుంజింది, పొట్ట నేలకానించి చెయ్యి చాపింది. చెయ్యి అంచుకు తగిలేలా ఉంది. "ఇంగా కొంచెం తగ్గించుమే" అంది బీబమ్మ. ముడి వేశారు. మళ్లీ బెల్లం. ఎంత గుంజినా చెయ్యి గుంతకు మూరెడు ఇవతలే ఆగిపోయింది. అప్పుడు బెల్లం పాప నోట్లో పెట్టి, "ఇంత ఆశ ఉంటే ఎట్లమ్మే నీకు? మీ నాయన పోలికే" అంది. ఆడోళ్లంతా నవ్వారు.

పాపకు తాడంటే కోపం లేదు. తోకలా ఈడ్చుకుంటూ తిరిగేది. కొబ్బరిచిప్పలో నీళ్లు నింపేది, ఒలకబోసేది, మళ్లీ నింపేది. రాతిముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పడిపోతే చప్పట్లు కొట్టేది. బండలెత్తే ఆడోళ్లు అటూ ఇటూ పోతూ "ఏమ్మే కోతీ" అని పిలిస్తే కిచకిచమనేది.

ఆ రోజు కర్నూలు నుంచి కొత్త ఇంటికి బండలు చూసుకోవడానికి మొగుడూపెళ్లాలు కారులో వచ్చారు. రాజశేఖర్, యామిని. ఓనరు మొగుణ్ని బండల దగ్గరకు తీసుకుపోయాడు. యామిని షెడ్డు వెనక్కి వచ్చి, పాపను చూసి, నిలబడిపోయింది. దుమ్ము చూసుకోకుండా మోకాళ్లమీద కూర్చుంది. ఆమె చెడ్డమనిషి కాదు. ఆమెకూ ఆ ఈడు కొడుకు ఉన్నాడు. వాణ్ని ఇంట్లో అవ్వ దగ్గర వదిలి వచ్చింది. అవ్వ ఉంది కాబట్టి వదిలి వచ్చింది.

"ఈ పాప నీ పాపేనామ్మా?" అని అటుగా వచ్చిన మద్దమ్మను అడిగింది.

"ఆ, నా పాపే."

"ఎవరైనా ఇట్లా కట్టేస్తారా? గొడ్డును కట్టేసినట్లు?"

"గొడ్డుకు మెడకు కడ్తారమ్మా. నేను నడుముకు కట్టినా" అంది మద్దమ్మ.

"నీకు మనసెట్లా ఒప్పింది?"

మద్దమ్మ చెప్పబోయింది. గుంత వైపు చెయ్యి కూడా లేపింది. అంతలో మేస్త్రీ గోపన్న కేక పెట్టాడు. "ఏం మద్దమ్మా, ముచ్చట్లు పెట్టుకుంటాండావా? ఈడ లారీ నిలబడుండాది. బిన్నా రా!"

మద్దమ్మ లేపిన చెయ్యి దించేసింది. "విప్పొద్దమ్మా" అని మాత్రం అని ఉరికింది.

విప్పొద్దు అన్నది. ఎందుకో చెప్పలేదు. చెప్పేంత సేపు ఆ ఫ్యాక్టరీలో ఆడదానికి ఎవడిచ్చాడు?

యామిని పాపకు బిస్కెట్ ఇచ్చింది. నడుము దగ్గర చూసింది. తాడు ఒరిసి చర్మం ఎర్రబడి ఉంది. చుట్టూ చూసింది. ఎదురుగా చదునైన నేల. భయపడాల్సిందేమీ కనబడలేదు. వీపు వెనక ముడి విప్పింది. కాసేపు తిరగనీ, మళ్లీ కడదాం అనుకుంది. పాప చెయ్యి పట్టుకునే ఉంది. మొగుడు పిలిచాడు. "యామినీ, ఇట్లా రా. పసుపుదా, ఆకుపచ్చదా?" రంగు చెప్పడానికి నాలుగు అడుగులు వేసింది. చెయ్యి వదిలింది.

కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న బీబమ్మ తల తిప్పితే స్తంభం దగ్గర తాడు ఒక్కటే పడి ఉంది.

"యా అల్లా! మద్దమ్మా! పాప ఏదిమే!"

పెచ్చు మధ్యలో గంపంత చిల్లు. చుట్టూ నేల నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది. తలమీద బండ ఉన్నది ఉన్నట్టే కింద పడేసి మద్దమ్మ వచ్చింది. బండ పగిలిన చప్పుడుకు గోపన్న నోరు తెరిచాడు, అటు చూసి మూసుకున్నాడు. ఆమె నేరుగా గుంతలోకి దూకింది. రొమ్ముల దాకా దిగబడింది. కళ్లకు పనిలేదు, చేతులతోనే వెతికింది. బురదలో బురద తప్ప ఏమీ తగల్లేదు. ఇంకా లోతుకు వంగింది, గడ్డం మునిగింది. అప్పుడు మడమ దొరికింది.

పైకెత్తిన దాన్ని చూసి ఎవరూ అది బిడ్డ అనుకోలేదు. సిమెంటు బొమ్మలా ఉంది. బీబమ్మ లాక్కుని, ముంజేతిమీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉంచి వీపు చరిచింది. నోట్లో వేలు పెట్టి బురద తీసింది. ముక్కు కొంగుతో తుడిచింది. మళ్లీ చరిచింది. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. "ఆపండిరా వాటిని!" అని ఎవరో అరిచారు. ఎవరో ఆపారు. ఆ నిశ్శబ్దంలో పాప దగ్గింది. కక్కింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే గుంతలో ఉన్న మద్దమ్మకు తను కూడా పైకి రావాలని గుర్తొచ్చింది. గోపన్న, ఇంకో ఇద్దరు చెక్కపలక వేసి లాగారు.

కర్నూలు ఆసుపత్రికి కారులోనే తీసుకుపోయారు. వెనక సీట్లో మద్దమ్మ ఒళ్లో పాప, పక్కన యామిని. తెల్లటి సీట్లంతా బురద. చాలా దూరం పోయాక యామిని మద్దమ్మ వైపు తిరిగింది.

"నేనే విప్పినానమ్మా."

"తెల్సు."

"అక్కడ గుంత ఉందని చెప్పి ఉంటే..."

"చెప్పల్య. బండెత్తు అన్యారు, పోయినా."

యామిని ఏడ్చింది. మద్దమ్మ ఆమెను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. ప్రతి గతుకుకూ వేలు కదిలిపోయేది, మళ్లీ పెట్టేది.

ఊపిరితిత్తుల్లోకి బురద పోయింది. జ్వరం వచ్చింది. ముక్కుకు గాలి పెట్టారు, సూదులు వేశారు. గనిలోంచి హనుమేష్ వచ్చి, మంచం పక్కన నిలబడి, పెళ్లాన్ని ఒక్క మాట అన్నాడు. "కట్టినావు గదా?" అంతే. అది ప్రశ్నో, ఓదార్పో, తిట్టో అతనికే తెలియదు. "కట్టినా" అంది మద్దమ్మ. పాప బతికింది.

బతికింది గానీ, ఆసుపత్రిలో మంచం మీంచి దించితే నేలమీద నిలబడదు. ముందు బొటనవేలు ఆనిస్తుంది. నొక్కి చూస్తుంది. కాలు వెనక్కి తీసుకుంటుంది. నున్నటి టైల్స్ అయితే అసలే దిగదు.

మద్దమ్మ పాపనెత్తుకుని ఫ్యాక్టరీకి తిరిగి వచ్చిన రోజు గేటుకు కొత్త బోర్డు వేలాడుతోంది. చిన్నపిల్లలకు ప్రవేశం లేదు. గుంత మాత్రం పాతదే. చిల్లు పడినచోట మళ్లీ పెచ్చు కట్టింది.

"ఓనరు చెప్పమన్యాడు మద్దమ్మా. నా చేతిలో ఏముండాది?" అన్నాడు గోపన్న మొహం తిప్పుకుని. "నువ్వు రా, పాపను తేవద్దు."

"యాడ పెట్టేది గోపన్నా?"

"అది నన్నడిగితే ఎట్ల?"

"మరి ఎవుర్ని అడగాల?"

గోపన్న బోర్డు వైపు చూశాడు. చూసి, "ఈ రోజుకు రా. ఆయప్ప ఇంకా రాలేదు. లారీ నిండాల" అన్నాడు.

మద్దమ్మ పాపను స్తంభం దగ్గర దించింది. తాడు అక్కడే పడి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఆమె చెయ్యి రాలేదు. పాప కింద బొటనవేలితో నొక్కి చూసింది. ఒక కాలు ఎత్తుకుని తల్లి చీర పట్టుకుంది. తర్వాత వంగి, తాడు కొన తీసుకుని, తన నడుముకు ఆనించుకుని, తల్లి మొహంలోకి చూసింది. కట్టు, అని.

బండ తలకెత్తుకోబోతున్న ఆడోళ్లు అది చూశారు. బీబమ్మ బండ కింద తలకు పెట్టుకునే చుట్టగుడ్డ తీసి నేలకేసి కొట్టింది.

మద్దమ్మ కట్టలేదు. పాపను ఎత్తి బీబమ్మ చేతికిచ్చింది. పక్కన విరిగిన బండల కుప్ప ఉంది, అమ్ముడుపోని తుక్కు. ఒకదాన్ని ఎత్తుకుని గుంత దగ్గరకు నడిచింది. అంచుకు దూరంగా గడ్డపారతో చిన్న కాలువ తవ్వి, బండ నిలువుగా పాతి, కాలితో తొక్కి గట్టిచేసింది. ఇంకోదానికి వచ్చింది. రెండో బండకు ఆమె ఒక్కతే లేదు. కాసేపటికి అందరూ అక్కడే ఉన్నారు.

"ఏయ్, లారీ! లారీ ఎవురు నింపాల?" గోపన్న అరిచాడు.

"నీకు చేతులుండాయి గదప్పా" అంది ఒకామె, వెనక్కి చూడకుండా.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుంత చుట్టూ బండలు నిలబడ్డాయి. సొట్టలు, వంకరలు, ఒకటి ఎత్తు ఒకటి పొట్టి. ఏ పిల్లకూ ఎక్కను రాదు, దూరను రాదు. శివశంకర్ కారు దిగి చూశాడు.

"నా బండలు ఎవరు ముట్టుకోమన్నారు?"

"తుక్కు బండలు సార్" అంది మద్దమ్మ.

ఆయన మాట మార్చాడు. "సరే, మంచిపనే చేశారు. గోడ అయింది కదా. ఇంక లారీ చూడండి. పిల్లలను మాత్రం తేవద్దు. రేపు ఇంకేదైనా అయితే నన్ను లోపలేస్తారు."

"గుంతకు గోడ అయింది. లారీకి గోడ కట్టలేం, మిషనుకు కట్టలేం. గేటు కాడుండే ఆ సిమెంటు సంచుల గది ఖాళీ చేయించు సార్. మా అందరి పిల్లోళ్లు దాంట్లో ఉంటారు. మాలో ఒకరు వాళ్ల కాడ కూసుంటాం, దినానికొకరు. ఆ కూసున్నదాని కూలి నువ్వియ్యాల."

"కూసున్నదానికి కూలా?" శివశంకర్ నవ్వాడు. నవ్వు ఎవరికీ అంటుకోలేదు.

"బిడ్డను చూసుకునేది కూసునేది అనుకుంటాండావా?" అంది బీబమ్మ. "ఒక్క పూట నువ్వు కూసో నాయనా. పాప నా చేతిలోనే ఉండాది. పట్టు."

ఆమె నిజంగానే పాపను చాపింది. శివశంకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పాప ఏడ్వలేదు. ఆయన చొక్కా గుండీ పట్టుకుని గుంజింది.

"ఇయన్నీ ఒక్కరోజులో అయ్యే పనులు కాదమ్మా. ఆలోచిస్తా" అని ఆయన గుండీ విడిపించుకున్నాడు. "ముందు లారీ నింపండి. మంత్రాలయం పోవాల్సిన సరుకు, అక్కడ సత్రం వాళ్లు ఎదురు చూస్తాండారు."

మద్దమ్మ పాపను తీసుకుంది. లారీ దగ్గరకు పోలేదు. షెడ్డు నీడలో, మిషనుకూ లారీకీ మధ్య దారిలో కూర్చుంది. పాపను ఒళ్లో పెట్టుకుంది. పక్కన బీబమ్మ కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. కూర్చోమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"ఏందిది మద్దమ్మా?" గోపన్న గొంతు తగ్గింది.

"కూసున్న్యాం గోపన్నా. గది తలుపు తీసేదాకా ఈడనే."

శివశంకర్ ఓనరు గొంతుతో ఏదో అనబోయాడు. సరుకెత్తుకోవడానికి వెనక్కి రాబోతున్న లారీ ఇంజన్ మోతలో అది వినబడలేదు. గట్టిగా అన్నాడు, అప్పుడూ వినబడలేదు. డ్రైవరు అద్దంలో వెనక్కి చూశాడు. దారిలో వరసగా ఆడోళ్లు, ఒకామె ఒళ్లో పిల్ల. వెనక్కి పోవడానికి లేదు, ముందుకు పోవడానికి సరుకు లేదు.

డ్రైవరు ఇంజన్ ఆపేసి, కిందికి దిగి, చక్రం నీడలో కూర్చున్నాడు.