కాపర్ టైడ్ గంటలు

నేను ఒక రికార్డు ప్లేయర్ని. ఎక్కడో విదేశంలో పుట్టి, ఓ నావికుడి పెట్టెలో విశాఖ రేవులో దిగాను. అక్కడే నన్ను కొనుక్కున్నాడు సన్యాసిరావు. ఓడలు కట్టేచోట ముప్పయ్యేళ్ళు సుత్తి పట్టుకుని ఇనపరేకులు సాగగొట్టిన మనిషి. ఒట్టి అనుమానప్పక్షి. నాకు కొత్త సూది తెచ్చిన ప్రతిసారీ భూతద్దం పెట్టి చూసేవాడు.

ఆయన ప్రాణమంతా కాపర్ టైడ్ అనే ఇంగ్లీషు రాక్ బృందం మీదే. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. రికార్డు ఒక వైపంతా అదే. వాళ్ళ మొదటి రికార్డు చివర్లో చిన్న గంటలు మోగుతాయి. వాటికోసం నా సూదిని అక్కడే ఎన్ని వందలసార్లు దింపాడో! తరవాత బృందం ముసలిదైంది, అయినా రికార్డులు వస్తూనే ఉన్నాయి. ప్రతిదీ తెప్పించుకునేవాడు, వింటూ మొహం చిట్లించేవాడు.

"ఇందులో ఏదో మోసం ఉంది. వాయించేది వీళ్ళు కానే కాదు. ఆ గొంతేమిటి, గోనెసంచిలోంచి వచ్చినట్టు? గంటలేవీ?"

ఒక్కోసారి నన్నే అనుమానించేవాడు. తప్పు ఎవరిదైనా ముందు మిషన్ని తిట్టడం మనుషులకి మహా హాయి! గొంతు సంగతి నేనూ ఒప్పుకుంటాను, పాటగాడికి డెబ్భై దాటాయి మరి. కానీ గంటలు ఉన్నాయి. ప్రతి రికార్డులోనూ నా సూదికి తగులుతూనే ఉన్నాయి.

చివరికి విసిగిపోయి, నన్నూ ఆ కొత్త రికార్డుల్నీ వదిలించుకుందామనుకున్నాడు. పక్కవీధిలో ఉండే ఎస్తేరు టీచరు కొనడానికొచ్చింది. ఆఖరి రికార్డు పెట్టించుకుని, కళ్ళు మూసుకుని వింది.

"ఆ గంటలు ఎంత బావున్నాయండీ!"

"ఏ గంటలు?" అని ఆమెని ఎగాదిగా చూసి, భార్యని కేకేశాడు. "పైడితల్లీ! ఇందులో గంటలున్నాయా?"

"ఎందుకు నేవు? అన్నిట్లోనూ ఉంటాయి కదేటి. మీకు నచ్చక తిడతన్నారనుకున్నాను."

ఇద్దరూ కూడబలుక్కున్నారనిపించింది ఆయనకి. గబగబా మొదటి రికార్డు పెట్టి, చివర్లో సూది దింపాడు. "ఇవీ గంటలంటే! విన్నారా?" అంటూ వేలితో గాలిలో తాళం వేశాడు.

ఆడవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. వందలసార్లు సూది దింపి దింపి రికార్డు మీద అక్కడ గాడి ఏనాడో అరిగిపోయింది. ఆయన వింటున్నది తన జ్ఞాపకాన్ని.

"గంటలు నేవండీ," అంది పైడితల్లి నెమ్మదిగా. "గరగరలాడతంది, అంతే."

ఆయన వేలు ఆగిపోయింది. చెవి తడుముకున్నాడు. "సుత్తి..." అన్నాడు. "ఆ సుత్తి దెబ్బలే సన్న చప్పుళ్ళు వినపడకుండా చేశాయి..." పాపం, ఇన్నేళ్ళూ ఆ పాటగాళ్ళని మోసగాళ్ళన్నాడు. నాకు జాలేసింది.

నన్ను అమ్మలేదు. చెవి మిషను పెట్టుకోమంటే దాన్నీ నమ్మడు. రోజూ సాయంత్రం కొత్త రికార్డులు వరసగా పెడతాడు. పైడితల్లి పక్కన కూచుని చిక్కుళ్ళు ఒలుస్తూ, గంట మోగినప్పుడల్లా ఆయన మోకాలి మీద వేలితో తడుతుంది. ఆయన ఊపిరి బిగబట్టి ఆ వేలినే చూస్తాడు. పాట అయిపోయాక ఆమె మొహంలోకి అనుమానంగా చూసి అడుగుతాడు:

"నిజంగానేనా? ఇంకోసారి పెట్టనా?"