గిటారు వీపున గుంట

మా ఆయన పోయారు గాని, ఆయన పొట్ట మాత్రం ఇంట్లోనే ఉంది. ఆయన ఎలక్ట్రిక్ గిటారు వీపున ఒక గుంట ఉంటుంది. వాయించేవాళ్ల పొట్టకు చెక్క గుచ్చుకోకుండా నున్నగా తొలిచిన చోటు అది. పొట్ట అందులో ఉంటుంది. కంటికి కనపడదు. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, మెల్లగా లేచి పడుతుంటుంది.

ఇలా ఎందుకు జరిగిందో నాకు తెలుసు. మా చర్చి సంగీత బృందంలో ఎవరు పోయినా, కడసారి చూడవచ్చేవాళ్ల కోసం వాళ్ల వాద్యం వాళ్లకిచ్చి పడుకోబెడతారు. ఏసుపాదంగారిని ఆయన తబలాల మధ్యనే పడుకోబెట్టారు. మా ఆయన తిమోతి మెడలో గిటారు వేశారు. పెట్టె మూసే ముందు బెల్టు విప్పి గిటారు పైకి ఎత్తితే, పొట్ట కూడా దానికి అతుక్కుని వచ్చేసింది. ఎవరూ చూసుకోలేదు. పెట్టె తేలిగ్గా ఉందని మాత్రం మోసేవాళ్లు అనుకున్నారు.

ఇప్పుడు గిటారు ముందుగదిలో కుర్చీలో ఉంటుంది. మా అత్తగారు సంతోషమ్మ వెనకవీధి నుంచి రోజూ వస్తుంది. చెప్పులు విడిచి, గిటారును వెనక్కి తిప్పి, గుంటలో అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటుంది.

"రాత్రేం పెట్టావే ఈడికి? పొట్ట లోపలికి పోయింది," అంటుంది.

"గిటారు తినదు అత్తమ్మా."

"గిటారు తినదని నాకు తెల్దా? నేనడిగింది ఈడి సంగతి."

ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు కాకినాడలో లేరు. పైగా ఆవిడ చెప్పేది నిజం. చేపల పులుసు కాచిన పూట గుంట నిండుగా ఉంటుంది. ఉప్మా చేస్తే అలిగినట్టు కదలకుండా పడుంటుంది. బతికున్నప్పుడూ అంతే.

నా గిటారు వేరే. దానికి గుంటా లేదు, వాలూ లేదు. కూర్చునే పీటకు తీగలు బిగించినట్టు ఉంటుంది. ముందంచు ముంజేతిని ఒరుస్తుంది, వెనకంచు పక్కటెముకల కింద గుచ్చుకుంటుంది. తిమోతి గిటారును అలా చెయ్యలేదు. ముంజెయ్యి ఆనే చోట వాలుగా దించారు. నడుము దగ్గర వంపు తీశారు, కూర్చుంటే తొడ మీద పిల్లలా సర్దుకుంటుంది. దాన్ని వాయిస్తే ఎంత హాయో అని అందరూ అంటారు. ఆ హాయి ఆయనది. ఏళ్ల తరబడి ఆయన పొట్ట ఒరుసుకుని ఆ గుంట ఇంకా లోతుకు అరిగింది. నేనేమో చీపురుపుల్లని.

ఆయన ఉన్నప్పుడు సాయంత్రాలు ఇద్దరం కలిసి ఆ ఒక్క గిటారే వాయించేవాళ్లం. నా వేళ్లు పొట్టివి. ఆయన కట్టిన పాటలో ఒక పట్టు ఉంది, గిటారు మెడ మీద నాలుగు మెట్ల దూరం వేళ్లు చాచి నొక్కాలి. నాకు అందదు. "నువ్వు మీటవే, నేను నొక్కుతాను" అని ఆయన నా ఎడమపక్కన కూర్చునేవారు. గిటారు నా ఒళ్లో, దాని మెడ ఆయన చేతిలో. అంతకన్నా సుఖం నాకు తెలియదు.

పాస్టరుగారు వచ్చి కుర్చీ కోసం చూస్తారు. కుర్చీలో గిటారు ఉంది కాబట్టి గోడకు ఆనుకుని నిలబడతారు.

"వచ్చే ఆదివారం మన తిమోతి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం సువార్తమ్మా. ఆయన పాట ఆయన గిటారు మీద నువ్వే వాయించాలి. సంఘం అంతా అదే అంటంది."

"నాకది సరిపోదండి."

"ప్రార్థన చేద్దాం," అంటారాయన. చేసి వెళ్లిపోతారు.

గిటారు మెడలో వేసుకుంటాను. ఎడమచెయ్యి వదిలితే మెడ కిందికి వాలుతుంది. ఒళ్లు తేలికై తల బరువైన గిటార్లకు ఆ రోగం ఉంటుంది. దీనికి ఏనాడూ లేదు. ఆయన మీద త్రాసు ముల్లులా నిలబడేది. నా మీద ఉత్తరానికి వాలుతుంది. సమాధుల తోట ఉన్నది అటే. ఆయన తక్కిన ఒళ్లంతా అక్కడే కదా మరి, తప్పు పట్టను.

తప్పు పట్టవలసింది గుంటనే. హాయిగా వాయించాలంటే గిటారును ఒంటికి హత్తుకోవాలి. హత్తుకుంటే నా పొట్ట గుంటలోకి వెళ్తుంది, లోపల ఆయనకు ఊపిరాడదు. చిన్నగా దగ్గు వినిపిస్తుంది. నాకు ఎంత హాయిగా ఉంటే ఆయన అంత తక్కువవుతారు. అందుకని వెనక్కి వంగి నిలబడతాను. గిటారు అడుగంచు ఒక్కటే పక్కటెముకల కింద ఆనుతుంది. నొప్పి లేదనను. చాలా నొప్పిగా ఉంది.

గిటారును మెయిన్ రోడ్డులో జులేఖా బీ గిటార్ల కొట్టుకు తీసుకెళ్తాను. ఎన్ని గిటార్లు చూస్తే అంత పొడవు సాగే కొట్టు అది, అందుకే ఎవరూ ఊరికే చూడరు. స్టూళ్ల మీద మనుషులు కూర్చుని ఉన్నారు, గిటార్లు ఒక్కొక్కరి ఒళ్లోకి ఎక్కి దిగుతున్నాయి. రెండు రెక్కలు చాచిన బాణంలాంటిది మాత్రం ఎవరి ఒళ్లోనూ ఆగడం లేదు. జారి నేల మీద నిలబడుతోంది.

"దాని మనిషి కూచునే రకం కాదమ్మా," అంటుంది జులేఖా బీ. "నిలబడే పుట్టుంటాడు. ఎక్కడో బయలుదేరే ఉంటాడు."

తిమోతి గిటారు తిప్పి చూసి, గుంటలో వేలు పెట్టి, చటుక్కున తీసేసి కొంగుతో తుడుచుకుంటుంది.

"లోపల ఎవరో ఉన్నారు."

"మా ఆయనండి."

"సరే. చెక్క లోతు, మనిషి పల్చన. మధ్యలో ఆయన. చెక్కనైనా పూడ్చాలి, నిన్నైనా తొలవాలి."

"పూడిస్తే ఆయన ఎటు పోతారు?"

"పూడ్చేవాళ్లం అది అడగమమ్మా. అడిగితే చెయ్యి రాదు."

నన్ను తొలవమంటాను. ఆవిడ ఆశ్చర్యపోదు. తెర వెనక్కి తీసుకెళ్లి పక్కకు తిప్పి నిలబెట్టి, పక్కటెముకల కింద సుద్దతో గీత గీసి, గరుకు కాగితంతో రుద్దుతుంది. సన్నటి పొడి రాలుతుంది. మా ఇంటి సబ్బు వాసన వేస్తుంది. ఆ పొడి పొట్లం కట్టి నా చేతికిస్తుంది. ఎవరి పొడి వాళ్లు పట్టుకెళ్లాలి అంటుంది.

ఇప్పుడు గిటారుకో గుంట, నాకో గుంట. ఎదురెదురుగా పెడితే మధ్యలో ఆయనకు కావలసినంత చోటు. ఆయన దగ్గడం లేదు. గిటారు నా మీద ఎక్కడా గుచ్చుకోవడం లేదు. మొదటిరోజు సంతోషం పట్టలేక పాత పాటలన్నీ వాయిస్తాను. ఆయన ఊపిరి నా పొట్టకు తగులుతూ తాళం వేస్తుంటుంది. నాకు సిగ్గేస్తుంది కూడా.

కాని ఆయన ఒళ్లు చేస్తున్నారు. గిటారు నా నుంచి జరిగిపోయి తీగలు అందకుండా పోతున్నాయి. మళ్లీ జులేఖా బీ దగ్గరికి వెళ్తాను. మళ్లీ సుద్దగీత, మళ్లీ పొట్లం. జాకెట్లు వదులవుతున్నాయి. చీర కుచ్చెళ్లు నిలవడం లేదు. అన్నం తింటే ఆ గుంట దగ్గరికి వచ్చేసరికి ఎటు పోవాలో తెలియక ఆగుతుంది. పొట్లాలు బియ్యం డబ్బా పక్కన పేరుస్తున్నాను. భయమేస్తుంది. అయినా మానను. ఆయన ఊపిరి నాకు కావాలి.

మా అత్తగారు గుంటలో చెయ్యి పెట్టి మురిసిపోతుంది. "ఒళ్లు సేశాడే నా కొడుకు! ఇన్నాళ్లకి బుద్దొచ్చింది నీకు, కడుపునిండా పెడతన్నావు." అలా అంటూ నా వైపు తిరుగుతుంది. నేను ఆరేసిన బట్టలు తీస్తున్నాను, చెయ్యి ఎత్తి ఉంది. ఆవిడ నవ్వు ఆగిపోతుంది. లేచి వచ్చి, నా పక్కటెముకల కింద పిడికిలి పెడుతుంది. పిడికిలి మణికట్టు దాకా వెళ్తుంది. వంగి ఆ గుంటలోంచి చూస్తుంది.

"నీలోంచి పక్కింటోళ్ల మావిడికొమ్మ కనపడతందే," అంటుంది.

"కొంచెమే అత్తమ్మా."

"ఎవరు సెయ్యమన్నారే?"

"ఆయనకు చోటు చాలడం లేదు."

ఆవిడ కుర్చీలోని గిటారు తీసుకుని, నన్ను అందులో కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుంటుంది. కాళ్లు చాపుకుని గిటారును ఒళ్లో పెట్టుకుంటుంది. ఆవిడ ఏ వాద్యమూ ముట్టుకోగా నేను చూడలేదు. అయినా నడుము వంపు ఆవిడ తొడ మీద సర్దుకుంటుంది. ముంజెయ్యి వాలు మీద ఆనుతుంది. ఆవిడ పొట్ట గుంటలోకి వెళ్లి సరిగ్గా కూర్చుంటుంది, వెలుతురు దూరే సందు కూడా లేదు. మెడ వాలదు. ఆయన మీద ఎలా నిలబడేదో అలా నిలబడుతుంది.

నాకు అప్పుడు అర్థమవుతుంది. అది ఆయన పొట్ట ఒరుసుకుని అరిగిన గుంటే. ఆ పొట్ట తయారైంది మాత్రం ఈవిడలో.

"వద్దు అత్తమ్మా," అంటాను. గిటారు కోసం చేతులు చాస్తాను. "ఆయన నావారు. ఇవ్వండి."

"నీవాడే. ఎవరు కాదన్నారు?" ఆవిడ గిటారును ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. "నేను కన్నదాన్నే. ఈడికెంత సోటు కావాలో నాకు తెలుసు. నీకు తెల్దు, అందుకే ఒళ్లంతా ఇచ్చేత్తన్నావు. నువ్వు తినాలే పిచ్చిదానా. నువ్వు ఉండాలి."

లోపల దగ్గు వినిపిస్తుంది. ఒకటి, తర్వాత ఇంకొకటి, దూరం నుంచి. తర్వాత ఏమీ లేదు. నేను ఏడుస్తాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆవిడ గిటారును పక్కన పెట్టి, నేల మీద చెయ్యి ఆనించి, నెలలు నిండిన మనిషిలా నడుము పట్టుకుని లేస్తుంది. వంటింట్లోకి వెళ్లి, పొట్లాలు ఒక్కొక్కటే విప్పి పాలల్లో కలిపి, దగ్గరుండి తాగిస్తుంది. చేదుగా ఉంటాయి. సబ్బు నురగ వస్తుంది. నా గుంట పూడుతుంది.

గిటారు వీపు తడిమి చూస్తాను. గుంట లేదు. పలకలా చదునుగా, చల్లగా ఉంది.

ఆదివారం చర్చి నిండా మనుషులు. మా అత్తగారు మొదటి వరసలో, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంటుంది. ఆడవాళ్లు ఏమీ అడగకుండా జరిగి ఆవిడకు రెండు కుర్చీల చోటు ఇస్తారు. నేను స్పీకరు పక్కన నిలబడి బెల్టు వేసుకుంటాను. గుచ్చుకోదు. ఒరుసుకోదు. వెనక్కి వంగనక్కర్లేదు, ఎవరి కోసమూ జరగనక్కర్లేదు. నా ఒంటికి ఇంత హాయిగా ఏ గిటారూ ఎప్పుడూ కూర్చోలేదు. ఈ హాయిని నేను భరించలేకపోతున్నాను.

పాట మొదలుపెడతాను. ఆ పట్టు వస్తుంది, నాలుగు మెట్ల దూరం. చూపుడువేలు పెడతాను, చిటికెనవేలు అందదు. బృందం ఆగుతుంది. పాస్టరుగారు బైబిలు లోపలికి చూస్తారు. అందరూ నా ఎడమచేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి వదిలేస్తాను.

మెడ వాలుతుంది. ఈసారి ఉత్తరానికి కాదు, మొదటి వరస వైపు. వాలుతూ సాగుతుంది. మెట్టు మీద మెట్టు మొలుస్తూ వేదిక దిగుతుంది. పాస్టరుగారు బైబిలు ఎత్తి దారి ఇస్తారు. ముందు కూర్చున్న పిల్లలు తలలు వంచుతారు. మెడ మా అత్తగారి దగ్గరికి వెళ్లి, చీర చిరగకుండా, కుచ్చెళ్ల పైన పొట్టలోకి దిగుతుంది. ఆవిడ ఒక్కసారి పెదవి కొరుక్కుని, తర్వాత కుదురుగా కూర్చుంటుంది.

లోపల ఎవరో మెడ పట్టుకుంటారు. ఆ బరువు నా భుజానికి తెలుస్తుంది. నాలుగు వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మెట్లు వెతుక్కుంటాయి. చిటికెనవేలు తీరిగ్గా, ఆఖరున పడుతుంది. అది ఆయన అలవాటు. తీగలు బిగుస్తాయి. మా అత్తగారి పొట్ట మీద చీర, ఆ నాలుగు వేళ్లు నొక్కిన చోట పైకి లేచి ఉంది.

ఆవిడ నా వైపు చూస్తుంది.

"మీటవే," అంటుంది.

నేను మీటుతాను.