మూడో రౌండు

రెండున్నరకి రెండో వరసలో కూర్చున్న అమ్మాయికి ముక్కు నుంచి రక్తం కారింది. కీబోర్డు మీద రెండు చుక్కలు పడ్డాయి. ఆ అమ్మాయి కంగారుపడి చున్నీ కొసతో ముందు కీబోర్డు తుడిచింది, ఆ తర్వాతే ముక్కు తుడుచుకుంది.

"సారీ మేడమ్. వేడికి నాకు అప్పుడప్పుడూ ఇలా అవుతుంది. ఐదు నిమిషాల్లో ఆగిపోతుంది. దీనికి మార్కులు తగ్గించరు కదా?"

"తగ్గించను. తల వెనక్కి వంచకు, ముందుకి వంచు. ముక్కు గట్టిగా పట్టుకో" అంటూ గువ్వ తన చేతిరుమాలు తడిపి తెచ్చి ఇచ్చింది.

మిగతావాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. కిటికీ పక్క కుర్చీలో, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో కూర్చున్న కుర్రాడు మాత్రం తలే ఎత్తలేదు. అతను రోజూ కాదు గానీ పిలిచినప్పుడల్లా రెండు బస్సులు మారి, మూడు గంటలు ప్రయాణం చేసి వస్తాడు. గదిలో అందరికన్నా వేగం అతనిదే. పోయిన వారం గువ్వ రాసిచ్చిన, బాగా చేసినవాళ్ళ లిస్టులో మొదటి పేరు అతనిదే. పేరు పక్కన పెన్సిల్‌తో రెండు టిక్కులు కూడా పెట్టింది.

గువ్వ అనేది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఎవరు పలకరించినా తల్లి వెనక్కి దూరి, అక్కడి నుంచే కూకూమన్నట్టు ఏదో జవాబు చెప్పేదట. నాయనమ్మ పెట్టిన పేరు అది. డిగ్రీ పాసై, ఇరవై రెండేళ్ళు వచ్చినా ఇంట్లో అదే పిలుపు. ఆఫీసులో అడుగుపెట్టాక మాత్రం 'మేడమ్' అయింది. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా మేడమ్ అంటుంటే మొదట్లో ఆమె వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేది.

ఆసుపత్రుల పాత రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే కంపెనీ అది. దుమ్ము పట్టిన కట్టలు వ్యానులో వస్తాయి. రోగి పేరు, వయసు, జబ్బు, మందులు, ఇంటికి పంపిన తేదీ. అన్నీ డాక్టర్ల గీతల్లాంటి చేతిరాతలో ఉంటాయి. ప్రతి పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఇద్దరిదీ ఒకేలా ఉంటే ఆ పేజీ అయిపోయినట్టు. తేడా వస్తే ఆ చోట ఎర్రగా కనిపిస్తుంది. ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి పెట్టే పరీక్ష కూడా ఇదే. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అరవై పేజీలు.

మూడు నెలల కిందట గువ్వ కూడా ఈ గదిలోనే ఆ పరీక్ష రాసింది. అంతకుముందు ఏడాది పాటు కాళ్ళరిగేలా తిరిగింది. వెళ్ళిన ప్రతి చోటా "అనుభవం ఉందా?" అని అడిగేవాళ్ళు. నీళ్ళు నమిలి తిరిగొచ్చేది. ఇక్కడ మేనేజరు మాత్రం కళ్ళజోడు తీసి, తీరిగ్గా ఆమె వైపు చూశాడు.

"నీ మార్కులు చూసి కాదమ్మా, నీ ముఖం చూసి తీసుకుంటున్నాను. నువ్వేం చెప్పినా నమ్మాలనిపిస్తుంది" అన్నాడు.

మూడు నెలలు ట్రైనింగు, నెలకి తొమ్మిది వేలు, ఆ తర్వాత పర్మినెంటు. బట్టల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా గుండీలు కుడుతున్న అమ్మకి ఇప్పటికీ ఎనిమిదిన్నర వేలే. "మొదటి జీతంతోనే నన్ను దాటేసింది" అని అమ్మ వీధి వీధంతా చెప్పింది. కొళాయి దగ్గర చెప్పింది, కొట్లో చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. నాయనమ్మ అయితే మంచం మీద నుంచే దర్జాగా, "మనవరాలు మేడమ్ అయ్యాక నన్ను ఉత్త ముసలమ్మా అంటే ఊరుకోను. పెద్ద మేడమ్ అనాలి. ఏదీ, పెద్ద మేడమ్‌కి కాళ్ళు నొక్కు" అంది.

గువ్వ పని సులువే. వచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవాలి. పేజీలు పంచాలి. ఐదింటికి, "ఫోన్ చేస్తాం" అని చెప్పి పంపాలి. ఆ తర్వాత బాగా చేసినవాళ్ళ లిస్టు రాసి మేనేజరుకి ఇవ్వాలి. ఈ చివరి పని ఆమె ప్రాణం పెట్టి చేసేది. ఒక్కొక్కరి పేజీలూ తిప్పి చూసి, పేరు పక్కన 'తప్పులు లేవు, కాస్త నిదానం' అనో, 'ఎలాంటి చేతిరాతైనా చదవగలదు' అనో రాసేది. తనని ఎక్కడా ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు కదా, కనీసం వీళ్ళనైనా సరిగ్గా చూడాలని ఆమె పట్టుదల.

ఆ లిస్టులోంచి కొందరిని రెండో రౌండుకి పిలిచేవారు. రెండో రౌండులో బాగా చేసినవాళ్ళని మూడో రౌండుకి. ఫోన్లు చేసేది గువ్వే. అవతల ఆనందంతో తడబడే గొంతులు విని తనూ నవ్వుకునేది. మూడు నెలల్లో ఆ గదిలోకి రెండు వందల మందికి పైగా వచ్చి వెళ్ళారు. ఒక్క కుర్చీ కూడా ఎవరికీ సొంతం కాలేదు. ఆ సంగతి ఒకటి రెండుసార్లు మనసులోకి వచ్చింది. కొత్త కంపెనీ కదా, టైము పడుతుందేమో అనుకుని దాన్ని అక్కడే ఆపేసింది.

"మేడమ్, ఒక్క మాట."

పిలిచింది మొదటి వరస చివర కూర్చున్న ఆవిడ. ముప్ఫై దాటి ఉంటాయి. ఎప్పుడొచ్చినా ఒకటే నీలం సంచి. మొదటి రోజు నుంచీ గువ్వ మనసులో ఆవిడ నీలం సంచి అక్క. చెప్పుల షాపులో పని చేస్తుంది. "డిగ్రీ చదివింది ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకోడానికా అంటాడు మా ఆయన. షాపులో పట్టుకుంటే జీతం ఇస్తారు, నీ కాళ్ళు పట్టుకుంటే ఏమొస్తుంది అన్నాను" అని పోయినసారి గది మొత్తాన్నీ నవ్వించింది. ఇప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"షాపు నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది చెల్లీ. ఇవాళ్టితో మూడో సెలవు. నాలుగింటికి సాయంత్రం డ్యూటీకైనా రాకపోతే నా బదులు ఇంకో మనిషిని పెట్టేస్తానన్నాడు. ఇక్కణ్ణుంచి షాపుకి నలభై నిమిషాలు. ఇక్కడ నాకు వచ్చేలా ఉంటే ఆ షాపు పోతే పోయింది, ఐదు దాకా కూర్చుంటాను. రాదంటే ఇప్పుడే లేస్తాను. ఉన్నదున్నట్టు చెప్పు. నాకు వస్తుందా?"

గువ్వ నోరు తెరిచింది. 'అన్నీ సార్ చూసుకుంటారు' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ కళ్ళు చూసి మింగేసింది.

"కనుక్కుని వస్తాను" అంది.

గోడ గడియారంలో రెండూ యాభై.

మేనేజరు గది చల్లగా ఉంది. ఆయన ఫోన్‌లో ఎవరితోనో, "రాత్రికల్లా మీకు పంపేస్తాం సార్, ఆఖరి కట్ట నడుస్తోంది" అని చెప్పి పెట్టేశాడు. గువ్వని చూసి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఏమ్మా, పేజీలు ఎంత దాకా వచ్చాయి?"

"సగం దాటాయి సార్. సార్, ఈ పన్నెండు మందిలో ఎంతమందిని తీసుకుంటున్నాం?"

"ఎందుకు తల్లీ ఇప్పుడా సంగతి?"

"ఒకావిడకి బయట ఉద్యోగం ఉంది సార్. నాలుగింటికి వెళ్ళకపోతే అది పోతుంది. ఇక్కడ వస్తుందంటే ఉంటానంటోంది."

"ఉండమను. మూడో రౌండు దాకా వచ్చిన మనిషి, ఒక్క తప్పు పడదు."

"వస్తుందని చెప్పనా సార్?"

"వస్తుందని నేనన్నానా?" మేనేజరు నవ్వాడు. కోపం లేదు, విసుగు లేదు. చిన్నపిల్లకి లెక్క చెప్పే మాస్టారిలా చెప్పాడు. "అవకాశం బాగా ఉంది అను. అందులో అబద్ధమేముంది? అవకాశం ఎప్పుడూ ఉంటుంది."

గువ్వ కదల్లేదు.

"ఒక్కరినైనా తీసుకుంటున్నామా సార్?"

"నిన్ను తీసుకున్నాను కదమ్మా."

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కంపెనీ ముద్ర ఉంది. ఇంటిపేరుతో సహా ఆమె అసలు పేరు పూర్తిగా టైపు చేసి ఉంది. పరీక్ష ఫలితాల మీద తప్ప ఆ పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకి అదే మొదటిసారి. కింద జీతం: పన్నెండు వేలు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ట్రైనింగు ఇవాళ్టితో అయిపోయింది. ఐదింటికి సంతకం పెట్టి చేతికిస్తాను. నువ్వు రాకముందు ఎవరు పడితే వాళ్ళు టైపు చేసేవాళ్ళు. పేజీ నిండా ఎరుపే. దిద్దుకోలేక చచ్చేవాళ్ళం. నువ్వొచ్చాక బంగారంలాంటి మనుషుల్ని ఏరి ఇస్తున్నావు. రెండో రౌండు, మూడో రౌండు పేజీలు దిద్దనవసరమే లేదు, నేరుగా ఆసుపత్రికి పంపేస్తున్నాం. వచ్చే వారం ఇంకో ఆసుపత్రి కట్టలు వస్తున్నాయి. వాటి కోసం ఇరవై మందిని ఏరిపెట్టు. వెళ్ళు, వెళ్ళి ఆవిణ్ణి కూర్చోబెట్టు."

గువ్వ బయటికొచ్చి తలుపు మూసింది.

ఎవరు బాగా చేస్తే వాళ్ళనే మళ్ళీ పిలిచారు. ఇంకా బాగా చేస్తే మూడోసారి. సరిగా చేయనివాళ్ళకి ఒక్క రోజే పోయింది. వాళ్ళు ఎక్కడో ఇంకో పని వెతుక్కుని ఉంటారు. తప్పులు లేనివాళ్ళ పేర్లే తను శ్రద్ధగా ఏరింది, పెన్సిల్‌తో టిక్కులు పెట్టింది, నవ్వుతూ ఫోన్ చేసింది. ఏడాది పాటు తనని గుమ్మంలో నిలబెట్టి పంపేసినవాళ్ళు ఎవరూ తనకి ఇంత అన్యాయం చేయలేదు. వాళ్ళు కనీసం లేదని చెప్పారు.

అమ్మ గుర్తొచ్చింది. పన్నెండు వేలు అంటే అమ్మ రాత్రి డ్యూటీలు మానేయొచ్చు. ఏమీ చెప్పకుండా రెండు గంటలు గడిపేస్తే చాలు. గట్టిగా అబద్ధమాడే పని కూడా లేదు. 'అవకాశం బాగా ఉంది.' మూడే మాటలు.

నీలం సంచి అక్క కుర్చీ అంచున కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. గువ్వ దగ్గరికెళ్ళి వంగింది.

"అక్కా, షాపుకి వెళ్ళిపో."

"ఏంటి? వినబడలేదు."

నిజమే, గదిలో చప్పుడు అంత ఉంది. ఎప్పుడూ తరగతిలో 'గట్టిగా చెప్పు' అనిపించుకున్న గొంతే అది. గువ్వ నిటారుగా నిలబడింది.

"షాపుకి వెళ్ళిపో అక్కా. ఇక్కడ ఉద్యోగం రాదు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అంత తప్పులేం చేశాను?"

"నువ్వేం తప్పు చేయలేదు. నీకే కాదు, ఎవరికీ రాదు. ఇది పరీక్ష కాదు అక్కా, పనే. మీ చేత పని చేయించుకుంటున్నారు. ఉద్యోగాలు లేవు."

కీబోర్డులు ఒక్కొక్కటే ఆగాయి. ముక్కు పట్టుకున్న అమ్మాయి రుమాలు అలాగే పట్టుకుని చూస్తోంది.

నీలం సంచి అక్క లేచి నిలబడింది. థాంక్స్ చెబుతుందని గువ్వ అనుకోలేదు. కానీ ఆవిడ అన్న మాట మాత్రం ఊహించలేదు.

"రెండుసార్లూ ఫోన్ చేసి పిలిచింది నువ్వే కదా? 'శుభవార్త అక్కా' అన్నావు. మూడు రోజుల జీతం కోసేశాడు ఆ షాపాయన. ఆ మొదటి రోజే ఈ ముక్క చెప్పడానికి నీకు నోరు లేదా?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే మెట్ల మీద చప్పుడు చేస్తూ దిగిపోయింది.

తర్వాత ఒక్కొక్కరూ లేచారు. ఒకతను కాగితాల కట్టని బల్ల మీద విసిరికొట్టాడు. ఇంకొకావిడ, "బస్సు ఖర్చులైనా ఇస్తారా?" అని ఎవరిని అడుగుతోందో తెలియకుండానే అడిగింది. ముక్కు అమ్మాయి రుమాలు తిరిగివ్వబోయి, రక్తం చూసి మళ్ళీ తన చేతిలోనే ముడుచుకుంది. "ఉతికి ఇస్తాను" అంది. ఎక్కడికి తెచ్చి ఇస్తుందో ఇద్దరికీ తెలియదు.

గది ఖాళీ అవుతున్నా ఒక కీబోర్డు చప్పుడు మాత్రం ఆగలేదు.

కిటికీ పక్క కుర్రాడు టైపు చేస్తూనే ఉన్నాడు. ముందుకన్నా వేగంగా. గువ్వ అతని పక్కకి వెళ్ళింది.

"వినబడలేదా?"

"విన్నాను మేడమ్." కళ్ళు తెర మీద నుంచి తిప్పలేదు. "ఇంక పద్నాలుగు పేజీలే ఉన్నాయి."

"ఎందుకు చేస్తున్నావు? ఉద్యోగం లేదంటున్నాను కదా."

"పన్నెండు మందికి ఉండకపోవచ్చు. అందరూ వెళ్ళిపోయారు కదా మేడమ్. ఒక్కడికి ఇవ్వరంటారా?"

అతని చొక్కా భుజం మీద ఇస్త్రీ మడత ఇంకా కత్తిలా నిలబడి ఉంది. వెనక మేనేజరు గది తలుపు తెరుచుకుంది. చల్లగాలి వచ్చి మెడకి తగిలింది.

"ఏమ్మా, ఏం జరుగుతోందిక్కడ? మనుషులేరి? నువ్వొకసారి లోపలికి రా."

గువ్వ వెనక్కి తిరగలేదు. చెయ్యి చాపి, అతను చూసి టైపు చేస్తున్న పేజీ అంచు పట్టుకుంది. ఎవరో ఎప్పుడో ఏదో జబ్బుతో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వెళ్ళిన తేదీ ఉన్న పేజీ అది. లాగింది. కుర్రాడు ఎడమ చేత్తో రెండో అంచు పట్టుకుని వదల్లేదు. కుడి చెయ్యి ఇంకా మీటల మీదే ఉంది.

"వదలండి మేడమ్" అన్నాడు మెల్లగా, బతిమాలుతున్నట్టు.

"వదలను" అంది గువ్వ.