గవదలని చెప్పు

రబ్బరు గిన్నెలో ముందు నీళ్ళు, తర్వాత పిండి. ఆ వరస తప్పితే ఉండలు కడుతుంది. సున్నం బాబాయి ముప్పై ఎనిమిదేళ్ళుగా తప్పలేదు. పళ్ళాసుపత్రి అడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో అతని పని. పైన రోగులు గులాబీరంగు ముద్దను కొరికితే పళ్ళ అచ్చు పడుతుంది. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి ఇతను తెల్లటి దవడ తీస్తాడు. గోళ్ళ సందుల్లో, కనుబొమల్లో, కాలరు మడతలో ఆ తెలుపు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నోట్లో నాలుక లేని మనిషని అతని గురించి అందరూ అంటారు. నాలుక ఉంది, లేనివి పళ్ళే. ఇరవై రెండో ఏటి నుంచీ పెట్టుడు పళ్ళు. దవడమీద గుబురు గడ్డం.

ఆ ఉదయం పైన కూతురు ఆరేళ్ళ మనవరాలిని తీసుకుని డాక్టరు దగ్గరికి వచ్చింది. ఏడాదిగా పిల్ల బుగ్గలు రెండువైపులా ఉబ్బుతున్నాయి. చూసినవాళ్ళంతా గిల్లి, "ఏంటే బుంగమూతీ, ఎవరిమీద అలక?" అని అడగడమే. ఇప్పుడు ఎవరైనా పలకరించడానికి వంగితే చాలు, పిల్లే ముందు చెప్పేస్తోంది, నేను అలగలేదని. పుచ్చు పన్నైనా కానీ, చీముగడ్డైనా కానీ, అది మాత్రం కాకూడదని అతను నాలుగు రోజులుగా కనపడ్డ దేవుడికల్లా మొక్కుతున్నాడు.

పదకొండింటికి ఓ కుర్ర డాక్టరమ్మ ట్రే తెచ్చింది. "బాబాయ్, ఇది కాస్త తొందర. పాప పైనే కూర్చుంది." ట్రే మీద పేరు లేదు, 417 అన్న నంబరు మాత్రం ఉంది.

అచ్చును దీపం కింద తిప్పి చూశాడు. అంగిలి వెడల్పుగా ఉండాల్సిన చోట సన్నటి గాడి. రెండువైపులా ఎముక లోపలికి ఉబికి వచ్చింది. పళ్ళు తలా ఓ దిక్కు. ఇన్నేళ్ళలో ఇలాంటి దవడ అతను ఒక్కటే చూశాడు. అది తనది.

బడిలో అతని పేరు బుంగ. తల్లి ఒకే మాట నేర్పింది: "ఎవరడిగినా గవదలని చెప్పు." ఎనిమిదేళ్ళు తగ్గని గవదబిళ్ళలు లోకంలో ఎక్కడా ఉండవు. అయినా అందరూ నమ్మారు, లేదా నమ్మినట్టు తలలూపారు. ఇరవయ్యో ఏట ఈ ఆసుపత్రికే రోగిగా వస్తే, అప్పటి పెద్ద డాక్టరు విడమరచి చెప్పాడు. ఇది ఎముక జబ్బు, రక్తంలో వస్తుంది. వయసొచ్చాక వాపు దానంతటదే తగ్గుతుంది. పిల్లల్లో బయటపడకపోయినా వాళ్ళ పిల్లల్లో పడొచ్చు. అప్పట్లో ఇక్కడ ప్లాస్టర్ పోసే ముసలాయన జాలిపడి పనిలో పెట్టుకున్నాడు. ఆయన తీసిన ఇతని దవడ ఇంకా సొరుగులో, గుడ్డలో చుట్టి ఉంది.

కూతురికి పన్నెండేళ్ళు నిండేదాకా రోజూ పొద్దున్నే బుగ్గలు తడిమి చూశాడు. ఏమీ రాలేదు. పీడ తనతోనే పోయిందనుకున్నాడు. పెళ్ళప్పుడు దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. ఆ తర్వాత ఊరుకోవడమే అలవాటైంది.

పిండి కలిపాడు. కరెంటుతో వణికే బల్లమీద అచ్చును పెట్టి, బుడగలు పైకి తేలేదాకా చుక్కచుక్కగా పోశాడు. అంత నెమ్మదిగా ఎన్నడూ పోయలేదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కాసేపు వేడెక్కుతుంది. ఆ చిన్న దవడను అచ్చులోంచి విడదీసి అరచేతిలో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. సొరుగు తెరిచి రెండో చేత్తో గుడ్డమూట తీసుకున్నాడు.

పైకి వెళ్ళేసరికి తలుపు ఓరగా ఉంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" డాక్టరు అడుగుతున్నాడు.

"లేదండీ. మా నాన్నకి చిన్నప్పుడు గవదలొచ్చి బుగ్గలు వాచాయట. అంతే."

"సరిగ్గా గుర్తు చేసుకోండమ్మా. మీకిప్పుడు నాలుగో నెల కాబట్టి అడుగుతున్నాను."

బయటే నిలబడిపోవచ్చు. అందులో అతన్ని మించినవాడు లేడు. కానీ కాళ్ళు లోపలికే నడిచాయి. రెండు దవడలనూ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. పసుపుబారినదొకటి, తెల్లనిదొకటి. పెద్దదనీ చిన్నదనీ తప్ప తేడా లేదు.

"అది నాదమ్మా. గవదలు కావు."

కూతురు రెండింటినీ మార్చి మార్చి చూసింది. "నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు."

"నా పెళ్ళికి ముందే?"

"నువ్వు పుట్టకముందే."

"ఒక్క మాట..." అంటూ పిల్లను దగ్గరికి లాక్కుంది.

పెద్దయ్యాక వాపు తగ్గుతుందని డాక్టరు ధైర్యం చెబుతున్నాడు. తగ్గుతుంది. తగ్గేలోపల పన్నెండేళ్ళున్నాయి. ఆ పన్నెండేళ్ళలో ప్రతి రోజూ ఎలా ఉంటుందో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. బడి గంట, గ్రూపు ఫొటో, తలుపు చాటున తిండి.

కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. "నేను చేసేదాకా ఫోన్ చెయ్యకు నాన్నా."

మెట్ల దగ్గర పిల్ల వెనక్కి తిరిగింది. అతను అలవాటుకొద్దీ వంగాడు.

"నేను అలగలేదు తాతయ్యా. అమ్మే అలిగింది."

కిందికి వెళ్ళి, మిగిలిన తొమ్మిది అచ్చుల్లో ప్లాస్టర్ పోశాడు. ఐదింటికి గిన్నె కడిగి బోర్లించాడు. ఆ రాత్రి ఫోను రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

అరుదైన జబ్బు, విద్యార్థులు చూడాలని డాక్టరు ఆ రెండు దవడలనూ పై అంతస్తులో అద్దాల బీరువాలో పెట్టించాడు. పసుపుబారినదీ, నంబరు వేసిన చిన్నదీ. వాటి పక్కన ఇంకొకటి పట్టేంత చోటుంది.