అంగుళానికి డెబ్భై రెండు చుక్కలు

"మీ బొమ్మే పెడుతున్నామమ్మా. పన్నెండడుగుల గోడ మొత్తం మీదే," అని డాక్టర్ అల్ఫియా ఫోన్లో చెప్పేసరికి నేను కత్తిపీట ముందు దొండకాయలు తరుగుతున్నాను. చేతిలో దొండకాయతోనే వరండాలోకి పరిగెత్తి, బూట్లకి లేసు కట్టుకుంటున్న యల్లమంద వీపు మీద వాలిపోయాను. మా పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. ఇలా వాలిపోయినా ఎవరూ ఏమీ అనని రోజులు ఇంకొన్ని మిగిలున్నాయని నా అంచనా.

"పడతాం," అన్నాడు, పడకుండానే. విషయం చెప్పాక దొండకాయ లాక్కుని కొరికి, "పచ్చిదైనా బాగుంది," అన్నాడు. ఆయన పనిచేసే కాలేజీకి ఆ రోజు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు.

డాక్టరమ్మది నరసరావుపేటలో కొత్తగా తెరుస్తున్న కంటి ఆసుపత్రి. శనివారం ప్రారంభం. ఆ రోజు గురువారం. కంట్లో మందు వేయించుకున్నవాళ్ళు ముప్పావుగంట కూర్చునే గదిలో, కుర్చీలకి సరిగ్గా ఆరడుగుల దూరంలో ఆ గోడ. డాక్టరమ్మ పెట్టిన షరతు ఒక్కటే. బొమ్మ కళ్ళకి హాయిగా ఉండాలి.

నేను వేసేవి ఫ్రాక్టల్ బొమ్మలు. కుంచె ఉండదు, కెమెరా ఉండదు. ఒక చిన్న లెక్కని కంప్యూటర్ చేత కోట్ల సార్లు తిప్పిస్తే ఒక వంపు పుడుతుంది, ఆ వంపు అంచున అలాంటివే చిన్న వంపులు, వాటి అంచున ఇంకా చిన్నవి. గురజాలలో డిగ్రీ చదివే రోజుల్లో లెక్కల మేడమ్ చూపించినప్పటి నుంచి నాకు ఇదే పిచ్చి. ఫోటోకైతే ఎంత వివరం ఉండాలో కెమెరా తేల్చేస్తుంది. ఈ బొమ్మకి నేను ఎంత సైజు అడిగితే అంత సైజులో లెక్క మళ్ళీ మొదటి నుంచి జరుగుతుంది. పెంచడం అనే మాటే ఉండదు.

ఆ మాట మా బావగారికి చెప్పాల్సి వచ్చింది.

బావగారు, అంటే మా ఆయన అన్న పున్నారావు. ఇంటి కిందే ఆయన ఫ్లెక్సీ షాపు. ఆసుపత్రి గోడకి బొమ్మ ప్రింటు దించే పని ఆయనదే. నేను పదింటికి దిగేసరికి, డాక్టరమ్మ తన ఫోన్లోంచి పంపిన నా బొమ్మని పన్నెండడుగులకి సాగదీసి, అడుగు వెడల్పు ముక్క ఒకటి వినైల్ షీటు మీద దించేశారు కూడా.

"పెంచా, కొంచెం తెల్లబరిచా, అంచులు తేలేట్టు షార్ప్ రెండుసార్లు కొట్టా. మధ్యాహ్నానికి మొత్తం దించేస్తా," అన్నారు నా వైపు చూడకుండా.

ముక్క చూశాను. వంపులన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోయాయి. ప్రతి అంచుకీ తెల్లదారంతో కుట్టు వేసినట్టు ఒక గీత.

"బావగారూ, అది ఫోన్లో చూపించడానికి పంపింది. గోడకి నేను మళ్ళీ చేసిస్తాను."

"మళ్ళీ చేసేదేంది? ఇదే బొమ్మ కాదా?"

"ఇదే. కానీ సైజు..."

"సైజు పెంచేది నా పని. లీడర్ల మొహాలు నలభై అడుగులకి పెంచినోణ్ణి. నీ ముగ్గు ఒక లెక్కా."

పక్కన కూర్చుని ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీకి తాడు కట్టే రింగులు కొడుతున్న హైమావతక్క, అంటే ఆయన భార్య, చేతిలో సుత్తి ఆపింది.

"ఆ షార్ప్ వల్లే ఈ తెల్లగీతలు వచ్చాయి," అన్నాను.

"షార్ప్ లేకపోతే మసగ్గా ఉంటది. మసగ్గా ఉంటే తిట్టేది నిన్ను కాదు, నన్ను. మీసంలో ఎంట్రుకలు లెక్కపెట్టేట్టు ఉండాలమ్మా బొమ్మంటే."

"ఇందులో మీసం లేదు కదండీ."

హైమావతక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వు రింగులు కొట్టవే," అని గదిమారు బావగారు.

నాకు కావాల్సింది అంగుళానికి వంద చుక్కలు. మామూలుగా కంప్యూటర్ ఒక్కో చుక్కకి లెక్క ఒక్కసారే చేసి రంగు తేలుస్తుంది. అందుకే అంచులు రంపంలా వస్తాయి. ఆ చుక్కలోనే నాలుగు చోట్ల చేసి సగటు తీస్తే అంచు నున్నగా వస్తుంది, కానీ నాలుగింతల సమయం తీసుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌కి ముప్పై ఒక్క గంటలు. శుక్రవారం సాయంత్రం ఐదుకి ఫైలు వస్తే, కింద షాపులోనే దించి రాత్రికి గోడకి అంటించొచ్చు.

ఇదంతా చెబితే బావగారు కుర్చీ వెనక్కి తోశారు. "ఆరడుగుల దూరానికి డెబ్భై రెండు చాలు. వంద దేనికి, జనం భూతద్దాలు తెచ్చుకుంటారా?"

"మీకు తెలిసింది డెబ్భై రెండే కాబట్టి అదే చాలంటున్నారు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన ముఖం నల్లబడింది. ఇరవై ఏళ్ళు ఆ మెషిన్ల మధ్య నిలబడ్డ మనిషి.

"సరే. చేసుకురా నీ ముక్కలు. వందకొకటి, డెబ్భై రెండుకొకటి. అందరి ముందూ తేల్చుకుందాం."

చిన్న ముక్కలకి ఎక్కువ సేపు పట్టలేదు. రెండూ నున్నని అంచులతోనే చేసిచ్చాను. యల్లమంద అన్నానికి వచ్చేసరికి షాపు గోడ మీద మూడు ముక్కలు వేలాడుతున్నాయి. టేపు పెట్టి ఆరడుగులు కొలిచి, సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడ నిలబడు," అన్నారు బావగారు. "నీ రెండిట్లో వందది ఏదో చెప్పు."

రెండూ చూశాను. ఎడమదానిలో సన్న వంపులు మరింత తేటగా ఉన్నట్టు అనిపించింది. "అది," అన్నాను, ఏ మాత్రం తడుముకోకుండా.

ఆయన ముక్క తిప్పారు. వెనక పెన్సిలుతో 72 అని ఉంది.

ఎంత గట్టిగా నవ్వారంటే ఎదుటి టీ కొట్టులో జనం తొంగి చూశారు. "ఒరేయ్ యల్లమందా, చూశావా. నీ పెళ్ళాం నాకు పని నేర్పిద్దంట. తను చేసింది తనే పోల్చుకోలా."

నా చెవులు కాలిపోయాయి. యల్లమంద నా పక్కకొచ్చి గీత మీద నిలబడ్డాడు. "నాకూ తెలియట్లా అన్నయ్యా," అన్నాడు. అంత అవమానంలోనూ, ఆయన చొక్కా చెయ్యి నా చేతికి తగిలితే బాగుందనిపించింది.

"చుక్కల లెక్కలో మీరే గెలిచారు బావగారూ," అన్నాను. "ఇప్పుడు మీ ముక్క కూడా కలిపి అక్కనడగండి. ముప్పావుగంట ఎదురుగా కూర్చోమంటే దేని ముందు కూర్చుంటుందో."

"దాన్నడిగేదేంది."

కానీ హైమావతక్క అప్పటికే గీత దగ్గరికి వచ్చేసింది. మొగుడి వైపు చూడలేదు. "మీది చూస్తుంటే కళ్ళు గుచ్చుకుంటన్నయ్. ఆ రెండిట్లో ఏదైనా పర్లా," అని మళ్ళీ వెళ్ళి సుత్తి అందుకుంది.

బావగారు తన ముక్క చుట్ట చుట్టి బల్ల కింద పడేశారు. "షార్ప్ కొట్టకుండా నా మెషిన్ మీద ఏదీ దిగదు. కింద నా షాపు పేరుంటది."

"అయితే పేరు వెయ్యకండి."

ఫ్లెక్సీ వేసేవాడికి అంతకన్నా పెద్ద తిట్టు లేదని నాకు తర్వాత తెలిసింది.

"వెయ్యను. మెషినూ ఇయ్యను. ఎక్కడ దించుకుంటావో దించుకో," అని స్విచ్చి కట్టేశారు.

మెట్లెక్కుతూ లెక్క వేసుకున్నాను. ఊళ్ళో ఇంకే షాపువాడూ బావగారిని కాదని దించడు. గుంటూరు వెళ్ళి దించుకోవాలంటే ముప్పై ఒక్క గంటలు ఆగే వీలు లేదు. డెబ్భై రెండుకైతే పదహారు గంటలు. మూడింటికి మొదలుపెడితే తెల్లారి ఏడుకి చేతికొస్తుంది. నన్ను నవ్వులపాలు చేసిన అంకె వల్లే బొమ్మ నేను అనుకున్నట్టు గోడకెక్కే దారి దొరికింది. నవ్వొచ్చింది. ల్యాప్‌టాప్‌ని ఇన్వర్టర్ ప్లగ్గుకి తగిలించి, తెర మీద మొదటి వరస చుక్కలు పుట్టడం చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం బజ్జీల దగ్గర బావగారు పళ్ళెంలోకి చూస్తూనే అడిగారు. "ఎంతకి పెట్టావు?"

"డెబ్భై రెండుకి."

"షార్ప్?"

"లేదండీ."

"ఇంట్లో మెషినుండగా తమ్ముడి పెళ్ళాం బయటికి పోయి దించుకుంటే నా పరువేం కావాల?"

"అది స్విచ్చి కట్టేసినప్పుడు అనుకోవాల్సింది అన్నయ్యా," అన్నాడు యల్లమంద. బావగారు బజ్జీ సగంలో వదిలేసి లేచారు.

ఆయన గుమ్మం దాటకముందే నేను చెప్పేశాను. "రేపు ఎనిమిదింటి బస్సుకి గుంటూరు వెళుతున్నాం బావగారూ. ఈయన సెలవు పెట్టారు. మధ్యాహ్నానికి దించుకుని, చీకటి పడేలోపు ఆసుపత్రి గోడకి అంటించేస్తాం. కిటికీ సీటు నాది."