కాశ్యపగోత్రులు మువ్వురు

భాద్రపద బహుళామావాస్యాప్రభాతమున జలభారావనతములైన మేఘములు కాకినాడ తీరమును కప్పియుండ సూర్యుడుదయించెనో లేదో చెప్పుట కష్టముగా నుండెను. ఆస్పత్రి రెండవ అంతస్తున వెల్లకిల పరుండియున్న మార్కండేయ చయనులకు ఆ కష్టము పదునొకండేండ్లుగా నిత్యానుభవము.

ఊరివారి పితృకార్యములు జరిపించుట వృత్తిగాగల ఆ పురోహితుని ఎడమకన్ను మునుపే పోయెను. కుడికంటి నల్లగ్రుడ్డు నీరుపట్టి మసకబాఱగా మృతుల కన్నులనుండి తీసిన పలుచని పొరలను వైద్యులు మూడుమాఱులు అతికించిరి, మూడును చెడెను. తుదకు కృత్రిమమగు పొరనొకదాని నమర్చి దాని నదిమిపట్టుటకై కంటిలో గాలిబుడగ నింపి మూడుదినములు మొగము పైకెత్తియే యుండవలెనని వైద్యురాలు హైమవతి శాసించెను.

"తల వంచారో, బుడగ జారుతుంది, పొర ఊడుతుంది. మళ్లీ వెయ్యడానికి కంట్లో సత్తువ లేదు పంతులుగారూ" అని చెప్పి ఆమె నవ్వుచు "ఒకందుకు సంతోషించండి. ఈసారి ఏ చచ్చినవాడికీ మీరు రుణపడలేదు. ఇది ఫ్యాక్టరీలో పుట్టింది" అనెను.

ఆ పరిహాసము రాత్రియెల్ల ఆయనను విడువలేదు. ఈసారి లేదనగా మునుపటి మాటయేమి? ఆస్పత్రి పిలుపునకై వేచిన దినములలో ఎవరో యొకరు త్వరగా పోవలెనని తాను కోరలేదా? వీధిలో శవము వెడలు సడి వినబడిన ప్రతిపర్యాయము తన గుండె ఆశతో కొట్టుకొనలేదా? అట్లు కోరి తెచ్చుకొన్న మువ్వురకు దోసెడు నీళ్లైన విడువలేదు. వారే వచ్చి తమ సొత్తు గొనిపోయిరి.

"అమావాస్య అని లేచేరు" అనుచు భార్య భ్రమరాంబ కాఫీకై ఫ్లాస్కు తీసికొనెను. "మన పెద్దలకి మీ తమ్ముడు నీళ్లు వదుల్తాడు. ఊళ్లో అందరి తద్దినాలూ పెట్టారు, కంటికి కూడా పెట్టెయ్యకండి."

"లేవనులేవే, వెళ్లు."

ఆమె యడుగుల సడి యణగగానే ఆయన లేచెను. సంచిలోని నువ్వులపొట్లమును ప్రక్కనున్న నీళ్లచెంబును తడిమి తీసికొని బాల్కనీ చేరి సముద్రపుగాలి ఎడమచెంపను తాకునట్లు నిలిచి దక్షిణదిక్కును నిశ్చయించెను. జందెమును కుడిభుజముపైకి మార్చెను. మువ్వుర పేర్లెఱుగడు; గోత్రము తెలియనివారిది కాశ్యపగోత్రమని తానే యెందఱికో చెప్పియుండెను. తల యెత్తియే నీరు విడువదలచెను గాని నలువదియేండ్ల అలవాటు మెడను వంచెను. మూడవ దోసిలి జాఱునప్పటికి కంటిముందలి పలుచని వెలుగు పాలపై మీగడవలె ప్రక్కకు తొలగెను.

మధ్యాహ్నము హైమవతి దీపము వేసి కన్ను చూచెను.

"ఊడిపోయింది. ఎందుకు వంచారండీ?"

"మీరే అన్నారు కదమ్మా, ఈసారి రుణం లేదని. పాతది ఉండిపోయింది."

ఆమె తల వంచుకొనెను. ఇక వంచినను పోవునదేమియు లేని తలను ఎత్తియే యుంచి ఆయన మాత్రము పైకప్పువంక చూచుచుండెను.