డబ్బాలో గొర్రె

కాస్మెటిక్స్ షాపు తెరవగానే అందులో పనిచేసే కృప కొత్త సరుకు ముందేసుకుని కూర్చునేది. ఒక్కో డబ్బా మూత తీసి చెవి దగ్గర పెట్టుకునేది. పశువుల కొవ్వు కలిపిన క్రీమయితే లోపల గేదె అరిచేది, ఉన్ని నుంచి తీసిన మైనం కలిపిందయితే గొర్రె. చెవి పెడితే ఎవరికైనా వినిపిస్తుంది. పెట్టాల్సిన అవసరం మాత్రం కృపకే వచ్చింది.

రెండేళ్ల కిందట క్రిస్మస్‌కి మటన్ బిర్యానీ తిన్న కొన్ని గంటలకి ఆమె గొంతు వాచిపోయింది. గుణదలలోని ఇంటి నుంచి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. అది అలర్జీ అని, నాలుగు కాళ్ల జంతువు మాంసం ఏదీ తినొద్దని చెప్పాడు డాక్టరు. ఒంటికి రాసుకునేవి కూడా చూసుకోమన్నాడు. లేబుళ్లు ఎంత చదివినా అర్థంకాక కృప చెవిని నమ్ముకుంది.

ఒక ఆదివారం బీసెంట్ రోడ్డులోని ఆ షాపులో కొత్త క్రీము అమ్మకం మొదలుపెడుతున్నారు. కంపెనీ తరఫున వచ్చిన సాత్విక్ మైకు పట్టుకుని, "వంద శాతం మొక్కలతో చేసిందండీ!" అంటున్నాడు. ఓనరు దుర్గాప్రసాద్ ఒక డబ్బా కృప చేతిలో పెట్టాడు.

"మొహానికి రాసుకో. అందరూ చూడాలి."

కృప మూత తీసి చెవి పెట్టింది.

"నాకు పడదు సార్. ఇందులో గొర్రె ఉంది."

"డబ్బా మీద ఆకు బొమ్మ ఉంది కదండీ," నవ్వాడు సాత్విక్.

దుర్గాప్రసాద్ గొంతు తగ్గించాడు. "రాసుకుంటావా, రేపట్నుంచి మానేస్తావా?"

ఇంట్లో జీతం తెచ్చేది కృప ఒక్కతే. కానీ ఆస్పత్రి మంచం మీద ఊపిరి కోసం కొట్టుకోవడం ఆమె మర్చిపోలేదు. సాత్విక్ చేతిలోంచి మైకు లాక్కుని డబ్బా దగ్గర పెట్టింది.

"బే..." అన్న అరుపు రోడ్డు చివరిదాకా వినిపించింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. నలుగురైదుగురు పర్సులు మూసేశారు, అంతే. ఉయ్యూరు నుంచి వచ్చిన రామతులసి మాత్రం, మొహానికి చున్నీ చుట్టుకున్న కూతుర్ని పట్టుకుని ముందుకొచ్చింది.

"ఈ అరుపు మా రుచిత గదిలోనూ సన్నగా వినిపిస్తుందమ్మా. పక్కింటి గొర్రె అనుకున్నాను. ఏడాదిగా దీనికి ఒకటే దద్దుర్లు, మొహం వాపు. తగ్గుతుందని రోజూ క్రీము రాస్తున్నాం. సిగ్గుతో కాలేజీ కూడా మానేసింది."

"మటన్ తిన్న రోజు ఎక్కువవుతుందా?" అడిగింది కృప.

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆదివారాలు," అంది రుచిత మెల్లగా.

కృప కాగితం మీద తన డాక్టరు పేరు రాసిచ్చింది.

"ఇంక బయటికి నడు," అన్నాడు దుర్గాప్రసాద్.

"వెళ్తాను సార్. ఈ పిల్లకి పడేదొకటి వెతికిచ్చి మరీ వెళ్తాను. కాదంటారా, మైకు ఇంకా నా చేతిలోనే ఉంది."

ఆయన కౌంటరు వెనక్కి వెళ్లిపోయాడు. కృప, రుచిత నేల మీదే కూర్చుని డబ్బాలు ఒక్కొక్కటే తెరిచారు. పదకొండో దాని దగ్గర రుచిత చాలాసేపు చెవి పెట్టి, "చప్పుడే లేదక్కా," అంది.

సోమవారం నుంచి కృప వేరే పని వెతుక్కోవడం మొదలుపెట్టింది. రక్తపరీక్షలో కృపకున్న అలర్జీయే రుచితకీ ఉందని తేలింది. జూన్‌లో రుచిత మళ్లీ కాలేజీలో చేరింది. బయల్దేరేముందు గుమ్మంలో నిలబడి, అమ్మని తన ఫొటో తీయమంది. ఏడాదిలో ఆమె అడిగి తీయించుకున్న మొదటి ఫొటో అది.